కెటిల్ నీళ్లతో కుదిరే కత్తి

కొలిమిలో ఎర్రగా కాలిన కుక్రీ అనే వంపు కత్తిని నేపాల్ కమ్మరి నీళ్ల తొట్టిలో ముంచడు. టీ కెటిల్ అందుకుంటాడు. అంచు వెంట, ముఖ్యంగా దెబ్బ పడే పొట్ట దగ్గర, సన్నటి ధారగా నీళ్లు పోస్తాడు. వీపు మీద చుక్క పడనివ్వడు. తడిసినంత మేర ఉక్కు గట్టిపడుతుంది, మిగతాది మెత్తగా ఉండిపోతుంది. మొద్దును నరికేటప్పుడు గట్టి అంచు పదును నిలబెడితే, మెత్తని వీపు అదురును భరించి కత్తి విరక్కుండా చూస్తుంది.

భిలాయి సెక్టర్ 4లో ఈ సంగతి చెబితే నోరు తెరిచేవాళ్లు తక్కువే ఉంటారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇక్కడ లోటు లేదు. రైలు పట్టాలు తయారయ్యే ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు ‘తల గట్టిపరచడం’ తెలిసిన మాటే. మలుపుల్లో చక్రాల రాపిడికి త్వరగా అరిగిపోకుండా పట్టా తలను మాత్రమే వేగంగా చల్లార్చి గట్టిపరుస్తారు, కింది భాగాన్ని అలాగే వదిలేస్తారు. ఇదే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని రాయగఢ్‌లో జిందాల్ మిల్లు అలాంటి పట్టాలు తీస్తోంది. అంత పెద్ద మిల్లు యంత్రాలతో చేసే పనిని నేపాల్ కమ్మరి నిప్పు రంగు కనిపెట్టి, మణికట్టు కాస్త వంచి ముగిస్తాడు.

అతని ముడిసరుకు కూడా ముచ్చటైనదే. చాలా కుక్రీలు పాత లారీల కమాన్ పట్టీల్లోంచి పుడతాయి. వందకు 0.6 పాళ్ల దాకా కార్బన్, కాస్త క్రోమియం ఉండే ఆ స్ప్రింగ్ ఉక్కు ఏళ్ల తరబడి గతుకులు తిన్నది. మన ఊళ్ల కమ్మరులు కూడా మచ్చుకత్తికి ఆ పట్టీనే వెతుక్కుంటారు.

ఇక పుట్టుక. కాఠ్మాండూ ఛాఉనీ మ్యూజియంలో 1559లో గూర్ఖా రాజ్యం గెలిచిన ద్రవ్య షాదని చెప్పే కుక్రీ ఉంది. అంతకు ముందు ఏముందంటే ఊహలే ఎక్కువ. అలెగ్జాండర్ సైనికులు తెచ్చిన కోపిస్ అనే వంపు కత్తి నుంచి ఇది వచ్చిందంటారు. వినడానికి బాగుంటుంది, గట్టి ఆధారం మాత్రం లేదు. ముందుకు వంగిన కత్తికి దెబ్బలో బరువు కలిసొస్తుందని కనిపెట్టడానికి గ్రీకులే రావాలా? కొడగులో నడుం వెనక ఇత్తడి కొక్కెంలో దోపుకునే కత్తిదీ ఇదే వంపు. కొడవలి పట్టిన ఏ ఊరికైనా ఈ ఆలోచన రాగలదు.

1793లో నేపాల్ వెళ్లిన కర్నల్ కిర్క్‌ప్యాట్రిక్ 1811లో అచ్చువేసిన పుస్తకంలో కుక్రీ బొమ్మ వేయించాడు. మూడేళ్లకే నేపాల్‌తో యుద్ధానికి దిగిన ఇంగ్లిషు సైన్యానికి అసలు వస్తువు ఎదురైంది. 1814 అక్టోబరులో డెహ్రాడూన్ పక్కన నాలాపానీ గుట్ట మీద నేపాల్ సేనాని బలభద్ర కున్వర్ కోటను పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఆడవాళ్లు, పిల్లలతో కలిపి సుమారు 600 మంది. బయట ఫిరంగులతో మూడు వేలకు పైగా సైన్యం. అక్టోబరు 31న దాడి నడిపిన జనరల్ గిలెస్పీ తూటా తగిలి అక్కడే చచ్చిపోయాడు. గోడల మీంచి ఆడవాళ్లు రాళ్లు విసిరారు. దవడ పగిలిన గూర్ఖా ఒకడు ఇంగ్లిషు శిబిరానికి వచ్చి వైద్యం చేయించుకుని, నయమయ్యాక మళ్లీ మీతో పోరాడాలి, పంపమని అడిగాడని చెబుతారు. చివరికి కోటకు వచ్చే నీళ్లను ఆపితే గాని పని కాలేదు. నవంబరు 30 రాత్రి డెబ్బై మందితో బలభద్రుడు శత్రువుల వరుసల మధ్య నుంచే జారుకున్నాడు. గెలిచినవాళ్లు ఆ చోట రెండు స్తంభాలు కట్టించారు: ఒకటి గిలెస్పీకి, రెండోది బలభద్రుడికి. ఓడించిన శత్రువుకు స్మారకం కట్టడం ఈస్టిండియా కంపెనీ చరిత్రలో తరచుగా కనిపించే పని కాదు, అందుకే ఈ కథ దగ్గర ఇంతసేపు ఆగబుద్ధేసింది. 1815లోనే కంపెనీ గూర్ఖా పటాలాలు పెట్టుకుంది. కుక్రీ యూనిఫాంలో భాగమైంది.

ఆ తరవాతి యుద్ధాలు గబగబా దాటేయొచ్చు, డ్రాక్యులాను తప్ప. 1897 నాటి ఆ నవలలో డ్రాక్యులా గుండెలో కొయ్య మేకు దిగదు. జోనథన్ హార్కర్ కుక్రీతో గొంతు కోస్తాడు, అతని స్నేహితుడు మోరిస్ తన కత్తిని గుండెలో దించుతాడు. మేకు సినిమాల పుణ్యం.

తెలుగువాళ్లకు కుక్రీని పరిచయం చేసింది మాత్రం వీధి గూర్ఖా. రాత్రి ఈల, కర్ర చప్పుడు, ఒకటో తారీఖున గుమ్మంలో సలాం, నడుముకు కుక్రీ. ఆ కత్తితో అతను తన ఊళ్లో కొమ్మలు కొట్టేవాడని, మాంసం తరిగేవాడని, వెదురు చీల్చేవాడని మనవాళ్లలో ఎందరు అడిగి తెలుసుకున్నారో! ఒరలోంచి తీస్తే రక్తం చూడాల్సిందేనన్న కట్టుకథ మాత్రం అందరికీ తెలుసు. పటాలం బ్యాడ్జీలూ, పర్యాటకుల దుకాణాలూ పనిముట్టును గోడకు తగిలించేశాయి. ఒరలో పక్కనే ఉండే రెండు చిన్న కత్తుల్లో కర్ద చిల్లర పనులకు. మొండి అంచుండే చక్‌మక్ చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజేయడానికి, అంచు సరిచేయడానికి. ఇప్పుడవి చాలా ఒరల్లో అలంకారానికే ఉంటున్నాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటి. ఈ విద్య మోసిన కామి కులాన్ని అంటరానివాళ్లుగా పెట్టిన సమాజమే వాళ్లు చేసిన కత్తిని జాతీయ గౌరవంగా ఎత్తుకుంది. నేపాల్ చట్టం అంటరానితనాన్ని 1963లో తీసేసింది.

క్వార్టరు పెరట్లో జామ కొమ్మలు కొట్టాలనో, లాంటానా పొదలు నరకాలనో బరువైన కుక్రీ కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోకూడదు. సన్నగా పొడుగ్గా ఉండే సిరుపాతే తీగలకు బాగుంటుంది గాని మొద్దులకు చాలదు. మొద్దులకు వీపు మందంగా ఉండి, పక్కల గుంత తీసిన ఆంగ్ ఖోలా మేలు. ఆ గుంత వల్ల మందం తగ్గకుండానే కొంత బరువు తగ్గుతుంది. ఉక్కు పిడిలోకి సన్నటి తోకలా దిగి, లక్కతో అంటించి ఉన్న రకం సంప్రదాయమే, చాలా పనులకు సరిపోతుంది. కాని రోజూ గట్టిగా కొట్టేవాళ్లకు ఉక్కు పిడి చివరిదాకా సాగి, మేకులు కొట్టి ఉన్న పానావల్ రకమే నయం. భిలాయి ఎండకు కొమ్ము పిడి బీటలు వారొచ్చు, కొయ్య పిడి చూసుకోవాలి. ఆకురాయి ఉంటే అంచు మీద, వీపు మీద మెల్లగా రుద్ది చూడాలి: అంచు మీద జారాలి, వీపు మీద పట్టుకోవాలి. రెండు చోట్లా ఒకేలా జారితే కెటిల్ పని జరగలేదన్నమాట.

చట్టం కూడా ఒకసారి చూసుకోవాలి. 2016 దాకా అమల్లో ఉన్న 1962 ఆయుధ నిబంధనలు కుక్రీని పేరు పెట్టి మరీ 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తుల జాబితాలో చేర్చాయి. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని అదే వాక్యం వదిలేసింది. ఇక కత్తిని దాచడం సంగతి: వానాకాలంలో తోలు ఒర తేమ పట్టుకుంటుంది. పని అయ్యాక కత్తిని తుడిచి, ఆవనూనె రాసి, ఒరలో పెట్టకుండా విడిగా దాచాలి.