ఏప్రిల్ 18 ముచ్చట

మంట ఇప్పుడే అందుకుంటున్నది, జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. నిన్న రాజుల ముచ్చట చెప్పిన గదా, ఇయ్యాల ఒక తారీఖు ముచ్చట చెప్త. బడిల సాంఘికశాస్త్రం చెప్పినోన్ని, నాకు తారీఖులంటె పానం. పిల్లలు సంవత్సరం గుర్తుపెట్టుకుంటరు, నెలా రోజూ ఇడిసిపెడ్తరు. నేను ఒక నోటుబుక్కుల తారీఖుకు ఒక పేజీ పెట్టుకున్న. అందుల ఏప్రిల్ 18 పేజీ ఎప్పుడో నిండిపోయింది.

ఒకే తారీఖున పడ్డయని ఆ పేజీల సంగతులకు చుట్టరికం కలిపి, గ్రహబలం అని చెప్పెటోళ్లుంటరు. నేను ఆ మాట నమ్మ. గని ఆ తారీఖును యాదిజేసి, దానికి బలం తెచ్చిన మనుషులున్నరు. వాళ్లల్ల ఒకాయన సుకర్ణో, ఇండోనేషియా అధ్యక్షుడు.

1955ల ఏప్రిల్ 18న, జావా దీవిల బాండుంగ్ పట్నం కాడ 29 దేశాలోళ్లు కూడిండ్రు. అంతా ఆసియా, ఆఫ్రికా దేశాలోళ్లే. మన నెహ్రూ ఉన్నడు, చైనా నుంచి చౌ ఎన్‌లై వచ్చిండు, ఈజిప్టు నుంచి నాసర్ వచ్చిండు. నిన్నమొన్నటిదాంక ఎవలో ఒక దొర కింద ఉన్నోళ్లే అందుల శానమంది. సభ జరిగిన మేడ కూడా ఒకప్పుడు డచ్చి దొరల క్లబ్బు. అటువంటి చోట సుకర్ణో లేచి ఏం యాదిజేసిండో ఎరికేనా? సరిగ్గ 180 ఏండ్ల కింద ఇదే తారీఖు రాత్రి అమెరికాల పాల్ రివియర్ అనేటాయన గుర్రమెక్కి ఊర్లను లేపుకుంట పోయిండని. పరాయి పాలన మీద గెలిచిన మొదటి పోరాటం అమెరికా వాళ్లదే అని చెప్పిండు. దొరతనాన్ని తిట్టనీకె వచ్చిన సభల, తెల్లోళ్లే తెల్లోళ్ల మీద తిరగబడ్డ ముచ్చట ఎత్తిండంటె ఎంత తెలివి, ఎంత పెద్ద మనసు!

ఆ రివియర్ పెద్ద సేనాపతేం కాదు. బోస్టన్‌ల వెండిపని చేసెటోడు. ఇంగ్లీషు పటాలం కాంకర్డుల దాచిన మందుగుండు కోసం బయలెల్లుతున్నదని తెలిసి, చర్చి గోపురం మీద రెండు లాంతర్లు పెట్టిపిచ్చిండు. ఒకటి పెడితె నేల మీది నుంచి, రెండు పెడితె నీళ్ల మీది నుంచి వస్తున్నరని గుర్తు. తను పడవల చార్లెస్ నది దాటి, గుర్రం మీద లెక్సింగ్టన్ దాంక పోయి చెప్పిండు. కాంకర్డు మాత్రం చేరలే, నడుమనే పటాలపోళ్లకు దొరికిండు. ఆయనెంట ఉన్న ప్రెస్కాట్ అనే వైద్యుడు తప్పించుకొని ఆ ఊరు చేరిండు. తెల్లారి లెక్సింగ్టన్‌ల తుపాకులు పేలినయి.

మల్ల 1955కే వస్త. బాండుంగ్‌ల సభ మొదలైన రోజే, భూమికి అటు పక్క ప్రిన్స్‌టన్ దవాఖాన్ల ఐన్‌స్టీన్ పానం ఇడిసిండు. అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట కొట్టిన వేళకు ఇక్కడ పట్టపగలు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం పలిగింది, ఆపరేషన్ చేస్తమంటె వద్దన్నడు. ఆఖరికి జర్మన్‌ల ఏందో అన్నడు గని, పక్కనున్న నర్సమ్మకు ఆ భాష రాదు. ఆ మాట అట్లనే పోయింది, యాదికొస్తె ఇప్పటికీ బాధైతది. వారం కిందనే ఆయన, అణ్వాయుధాలు మనిషి జాతినే తుడిచేస్తయని బెర్ట్రాండ్ రసెల్ రాసిన ప్రకటన మీద సంతకం పెట్టి ఉండె. అటు బాండుంగ్ సభ కూడా ఆఖరు ప్రకటనల అణ్వాయుధాలను నిషేధించమనే అడిగింది. ఒకరి సంగతి ఒకరికి తెల్వకుంటనే రెండు దిక్కుల నుంచి ఒకటే మాట వచ్చింది.

కట్టె ఎగదొయ్యి నాయినా. ఇప్పుడు చెప్పేది ఇంకా గట్టి ముచ్చట.

1930ల ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. ఆ సాయంత్రం లండన్‌ల బీబీసీ రేడియో వార్తల టైముకు, ఈ పొద్దు వార్తలేం లేవని చెప్పి పియానో వాయించిండ్రు. నవ్వకుండ్రి, నిజం. వార్తలే లేవంట! అదే రోజు రాత్రి పది గంటల వేళ మన దేశంల, అప్పటి బెంగాల్ చిట్టగాంగ్‌ల ఏమైందో ఇనుండ్రి. అక్కడ పది కొట్టినప్పుడు లండన్‌ల ఇంకా పగలే. అంటె వార్తలు లేవని చెప్పేనాటికి ఆ పని అయిపోయి గంటలు దాటింది.

చేసింది ఎవలు? సూర్యసేన్. బడిపంతులు. అందరు మాస్టర్‌దా అని పిలిచెటోళ్లు. పంతులన్న మాటకే నాకు పెయ్యి పులకరిస్తది. ఆయనెంట ఉన్నోళ్లల్ల శానమంది ఇంకా మీసం రాని పోరగాండ్లు, చదువుకునే పిల్లలు. గణేష్ ఘోష్ జట్టు పోలీసు ఆయుధశాల మీద పడ్డది, లోకనాథ్ బల్ జట్టు సైనికుల ఆయుధశాల మీద పడ్డది. ఇంకో జట్టు టెలిఫోను, టెలిగ్రాఫు పాడుచేసింది, ఇంకొందరు రైలుపట్టాలు ఊడదీసిండ్రు. ఐర్లండోళ్లు 1916ల ఈస్టర్ పండుగప్పుడు తిరగబడ్డరు గదా, ఆ యాదిలనే వీళ్లు గుడ్ ఫ్రైడే ఎంచుకున్నరు. గని పండుగే అడ్డమొచ్చింది. పహాడ్‌తలి క్లబ్బుల దొరలను పట్టుకుందామని పోతె, గుడ్ ఫ్రైడే కాబట్టి క్లబ్బుల ఎవలు లేరు. తుపాకులు దొరికినయి, తూటాలు దొరకలే. అయినా పోలీసు ఆయుధశాల కాడ జెండా ఎగరేసి, ఇది స్వతంత్ర సర్కారని చాటి, గుట్టలకు ఎక్కిండ్రు. నాలుగు రోజులకు జలాలాబాద్ గుట్ట మీద పటాలం చుట్టుముడితె పన్నెండు మంది పిల్లలు పానాలిచ్చిండ్రు. సూర్యసేన్‌ను 1934 జనవరి 12న ఉరితీసిండ్రు. ఆ పిల్లల పేర్లు బడి పుస్తకాలల్ల ఇంకా పెద్దగ ఉండాలె అని నా మనసుల ఎప్పుడూ ఉంటది.

ఇంకా ఉన్నయి ఆ పేజీల. 1859ల తాంతియా తోపేను శివపురిల ఉరితీసింది ఆ తారీఖునే. 1906ల తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కోల భూకంపమొచ్చి, ఆ మీద మంటలంటుకొని ఊర్ల సగానికి ఎక్కువ మందికి నిలువ నీడ లేకుంట అయింది. 1980ల జింబాబ్వే స్వతంత్రమైంది, ఆ రాత్రి స్టేడియంల బాబ్ మార్లే పాడిండు.

ఇగ మన ఊర్ల ముచ్చట. 1951, ఏప్రిల్ 18, పోచంపల్లి. నిజాం పోయి మూడేండ్లు కాలే. మన నల్లగొండ జిల్లాల సాయుధ పోరాటం ఇంకా నడుస్తనే ఉన్నది. పగలు పోలీసులు, రాత్రి దళాలు, నడుమ రైతు. అటువంటి కాలంల శివరాంపల్లి సర్వోదయ సభకు నడిచొచ్చిన వినోబా భావే, సభ అయినంక మన తెలంగాణ ఊర్లు తిరుగుడు పెట్టుకున్నడు. తుపాకి లేదు, కావలి లేదు. పోచంపల్లి హరిజనవాడకు పోయి, మీకు ఏం కావాలె అని అడిగిండు. జాగ ఉంటె బతుకుతం, ఎనభై ఎకరాలు కావాలె, సగం తరి, సగం కుష్కి అన్నరు. ఆయన మొదట సర్కారుకు రాసిస్త అన్నడు. అంతల ఏమనిపిచ్చిందో, కూసున్న ఊరోళ్ల దిక్కు తిరిగి, మీరేమన్న చెయ్యగలరా అని అడిగిండు.

వెదిరె రామచంద్రారెడ్డి లేచి, నేను నూరెకరాలిస్త అన్నడు.

అడిగింది ఎనభై, ఇచ్చింది నూరు. భూమి కోసం తుపాకులు పేలుతున్న నేల అది, అందరి ముంగట ఒక భూస్వామి నోట వచ్చిన మాట అది. పోరాటం చేసినోళ్ల త్యాగాన్ని నేను తక్కువ చెయ్య, ఆ రెండూ మన నేలవే. వినోబాకు మాత్రం ఆ సాయంత్రం దారి దొరికింది. తెల్లారి నుంచి పోయిన ఊరల్లా భూమి అడుగుడే. ఏడు వారాల్ల తెలంగాణల సుమారు 12 వేల ఎకరాలు వచ్చినయి. ఏండ్లకేండ్లు దేశమంతా నడిస్తె మొత్తం 40 లక్షల ఎకరాలు దాటినయి. అందుల రాళ్లుగుట్టలు, తగాదా భూములు కూడా కలిసినయి, కొంత పేదోని చేతికి చేరనే లేదు. ఆ సంగతి దాచిపెట్టద్దు. చేరిన కాడ మాత్రం, ఎన్నడు సొంత చెలక లేనోడు తన చెలకల నాగలి కట్టిండు.

ఆ ఏడాదే నెహ్రూ, ఢిల్లీకి వచ్చి ప్లానింగ్ కమిషనోళ్లతోని మాట్లాడుమని వినోబాను పిలిచిండు. ఆయన పౌనార్ నుంచి నడిచే పోయిండు, తొవ్వ పొడుగునా భూమి అడుక్కుంట. పోచంపల్లి పేరుకు ముందర భూదాన్ అని చేరింది గూడ అప్పటి సంధే.