పాడి పశువుల మీథేన్ అంచనా: అండమాన్ నికోబార్ దీవులు

పాడి పశువు మేసిన మేతను బట్టి అది ఎంత మీథేన్ వదులుతుందో లెక్కగట్టే పద్ధతులను మీథేన్ అంచనా పద్ధతులు అంటారు. ప్రతి ఆవునూ గదిలో పెట్టి కొలవడం సాధ్యం కాదు. అందుకే కొన్ని పశువుల మీద కొలిచి, ఆ కొలతల నుంచి సమీకరణం రాబట్టి, మిగతా వాటికి వర్తింపజేస్తారు. ఆ సమీకరణాలు ఎక్కువగా ఐరోపా, అమెరికా కొట్టాల్లో పుట్టినవి. అండమాన్‌లో గాడిలో పడే మేత వేరు కనుక ఇక్కడ వాటిని ఉన్నదున్నట్టు వాడుకోవడం కష్టం.

నెమరు వేసే పశువు మొదటి పొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్‌ను మరో రకం సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. అది దాదాపు అంతా త్రేన్పుల ద్వారా నోటి నుంచే పోతుంది. పశువుకు అదొక నష్టం: మేతలోని శక్తిలో కొంత పాలకూ కండకూ అందకుండా గాలిలో కలిసిపోతుంది.

తొలి లెక్కలు ఈ నష్టం కోసమే వేశారు. స్కాట్లాండ్‌లోని హన్నా పాడి పరిశోధన సంస్థలో పనిచేసిన కెన్నెత్ బ్లాక్స్టర్, జె. ఎల్. క్లాపర్టన్ 1965లో ప్రచురించిన సమీకరణం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. మేత ఎంత అరుగుతుంది, పశువు తన అవసరానికి ఎన్ని రెట్లు తింటుంది అన్నవే అందులోని ఆధారాలు. 1979లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో మో, టిరెల్ పాడి ఆవుల మీద కొలిచి, మేతలోని పదార్థాలను విడదీసి చూశారు. వారి లెక్కలో కిలో సెల్యులోజ్ 2.65 మెగాజౌళ్ల మీథేన్‌కు కారణమైతే, పిండి, చక్కెరల వంటి పీచు కాని పదార్థాలు కిలోకు 0.51 మాత్రమే. వరిగడ్డి మీద బతికే ఆవుల గురించి ఆలోచించేవారికి ఈ ఒక్క తేడా ఎంతో చెబుతుంది.

పాల్ క్రూట్జెన్ బృందం 1986లో పశువుల మీథేన్‌ను ప్రపంచ స్థాయిలో లెక్కగట్టడంతో విషయం వాతావరణ శాస్త్రంలోకి ప్రవేశించింది. 1994లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టెన్ జాన్సన్ బృందం మేసే పశువు మీదే కొలిచే పద్ధతి తెచ్చింది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ నెమ్మదిగా వెలువడే చిన్న గొట్టాన్ని పొట్టలో ఉంచి, ముక్కు దగ్గరి గాలిని మెడకు కట్టిన డబ్బాలోకి పట్టి, రెండు వాయువుల నిష్పత్తి చూస్తారు.

వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం 2006లో సూచించిన పద్ధతి మరీ సులువు: తిన్న శక్తిలో సుమారు 6.5 శాతం మీథేన్‌గా పోతుంది. రోజుకు 6 కిలోల ఎండు పదార్థం తినే ఆవును తీసుకుందాం. కిలోకు 18.45 మెగాజౌళ్ల చొప్పున సుమారు 110 మెగాజౌళ్లు. అందులో 6.5 శాతం అంటే 7.2. కిలో మీథేన్‌లో 55.65 మెగాజౌళ్లు ఉంటాయి కనుక రోజుకు దాదాపు 130 గ్రాములు, ఏడాదికి 47 కిలోలు. ఆవు నిజంగా తిన్నది 5 కిలోలే అయితే ఏడాది లెక్క 39 కిలోలకు పడిపోతుంది.

భారత ఉపఖండపు పాడి ఆవుకు ఆ సంఘం ఏడాదికి 58 కిలోలు వేసింది. 2007 సంవత్సరానికి భారత్ 2010లో వెలువరించిన జాతీయ లెక్కల్లో మాత్రం దేశవాళీ పాడి ఆవుకు 28, సంకరజాతి ఆవుకు 43 కిలోలే. మన ఆవు ఒళ్లు చిన్నది, తిండి తక్కువ. ఆ తేడాను పట్టించుకోకపోతే పేద రైతు ఆవు మీద చేయని తప్పు మోపినట్టే అవుతుంది.

అండమాన్ ఆదివాసులకు పశుపోషణ లేదు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షాకేంద్రం మొదలయ్యాక పశువులు ఓడల్లో వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో బెంగాలీ, తమిళ కుటుంబాలతో పాటు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారూ ఇక్కడ స్థిరపడ్డారు. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ, నేటి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇక్కడి పశువుల మీద, మేత మీద పనిచేస్తోంది. నికోబార్‌లోని ట్రింకెట్ దీవిలో అడవిపాలైన పశువులూ ఉన్నాయి. డెన్మార్క్ వలసవాదుల కాలంలో వదిలేసినవని చెబుతారు. అవి ఏం తింటాయో తూచేవారు లేరు కాబట్టి ఏ సమీకరణమూ వాటికి చాలదు.

పాడి ఆవు విషయంలోనూ చిక్కు తూకం దగ్గరే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట గడ్డి మోపులో సగానికి మించి నీరే. 25 కిలోల మోపులో ఎండు పదార్థం 20 శాతమైతే 5 కిలోలు, వాన ముసురులో కోసినప్పుడు 15 శాతమే ఉంటే 3.75 కిలోలు. మోపు బరువు మాత్రం అంతే. జనవరి నుంచి వేసవి దాకా పచ్చిమేత కరువై, వరిగడ్డి మీద ఆధారపడాలి. దాణా చాలావరకు ప్రధాన భూభాగం నుంచి ఓడలో రావాలి. కాబట్టి ఏడాది పొడవునా ఒకే సంఖ్య వాడడం సరికాదు, రుతువుకో లెక్క కావాలి.

దీవుల్లో పుష్కలంగా దొరికే మేత మరొకటి ఉంది: కొబ్బరి నూనె ఆడగా మిగిలే చెక్క. గొర్రెలకు కొబ్బరి నూనె పెడితే మీథేన్ తగ్గుతుందని 1999లో స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్‌ముల్లర్, క్రొయిట్జర్ చూపారు. అందులోని కొవ్వు ఆమ్లాలు మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులను అణచివేస్తాయి. గానుగ చెక్కలో నూనె కొంత మిగిలే ఉంటుంది కనుక, ఆ చెక్క తిన్న ఆవుకు పాత సమీకరణం ఎక్కువ చూపే అవకాశం ఉంది. అయితే కొవ్వు మితిమీరితే పీచు అరగడం తగ్గి, ఆవు తిండే తగ్గిపోతుంది. అప్పుడు మీథేన్‌తో పాటు పాలూ తగ్గుతాయి.