ఏడువేల రెండొందలా, ఐదువేల నాలుగొందలా?

2002 వేసవిలో ఏలూరులో నాన్నకి అసెంబుల్డ్ కంప్యూటరు కొన్నాం. లిస్టు రాసింది నేనే. హైదరాబాదులో ఉద్యోగం వచ్చి ఏడాదైనా కాలేదు గానీ ఇంట్లోవాళ్ళ లెక్కలో నేను సకల కంప్యూటర్ శాస్త్ర పారంగతుణ్ణి. హార్డ్ డిస్కు దగ్గరికొచ్చేసరికి కొట్టాయన "ఐదువేల నాలుగొందలా, ఏడువేల రెండొందలా సార్?" అన్నాడు. ఆలోచించకుండా ఏడువేల రెండొందలన్నాను. వేగం ముఖ్యం కదా మరి!

పళ్ళెం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందన్నదే ఆ అంకె. కావలసిన చోటు హెడ్డు కిందకి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. 5400 అయితే ఐదున్నర మిల్లీసెకన్లు, 7200 అయితే నాలుగు చిల్లర. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్కుకి (రామాక్ కంప్యూటరుది) 1200 చుట్లే, అంటే పాతిక మిల్లీసెకన్లు. రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై, దాచేది మాత్రం యాభై లక్షల అక్షరాలు. మా వంటింట్లో పెడితే వంట మానుకోవాలి. 7200 వేగాన్ని సీగేట్ వాళ్ళు 1992లో బారాకుడాతో తెచ్చారు. అక్కణ్ణించి పదేళ్ళలో అది ఏలూరు కొట్టు దాకా వచ్చేసింది.

వేగం డబ్బా మీద రాస్తారు, సరే. మన్నిక మాటేమిటి? దానికీ ఓ అంకె ఉండేది, పది లక్షల గంటలని. అంటే 114 ఏళ్ళు! నిజానికి అది ఒక్క డిస్కు ఆయుష్షు కాదు, వేల డిస్కుల మీద కట్టిన సగటు. దాని ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. 2007లో కార్నెగీ మెలన్ పరిశోధకులు లక్ష డిస్కుల రికార్డులు తిరగేస్తే ఏటా నూటికి రెండు నుంచి నాలుగు మార్చాల్సి రావడం మామూలేనని తేలింది. గూగుల్ వాళ్ళూ అదే ఏడాది తమ డిస్కుల లెక్క బయటపెట్టారు. వేడికీ చావుకీ అందరూ అనుకున్నంత సంబంధం లేదట. ఇది తెలియక మా నాన్న టేబుల్ ఫ్యాను కంప్యూటరుకి పెట్టి, తను విసనకర్రతో కూచునేవాడు.

అసలు మాకు కొనేముందే హెచ్చరిక ఉంది. 2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ ఆ రోజుల్లో మహా వేగం. అవి వరసగా పోతుంటే జనం 'డెత్‌స్టార్' అని పేరు మార్చారు, 2001లో అమెరికాలో దావా వేశారు. 2002 అక్టోబరులో పెద్ద కంపెనీలు చాలా మోడళ్ళకి వారంటీని మూడేళ్ళ నుంచి ఏడాదికి కోసేశాయి. అంకెల కన్నా నిజం చెప్పింది నన్నడిగితే అదే.

మాది డెత్‌స్టార్ కాదులెండి. ఏ కంపెనీదో ఇప్పుడనవసరం. మా అమ్మమ్మది కొల్లేటి లంక గ్రామం. పెద్దింట్లమ్మ తిరనాళ్ళు, పడవ ప్రయాణాలు, చేపల కబుర్లు, అన్నీ టేపులో చెప్పించి పెట్టాడు నాన్న. ఆవిడ 1999లో పోయింది. నేను కష్టపడి ఆ టేపుని కంప్యూటర్లోకి ఎక్కించాను. "ఇంక టేపెందుకు" అన్నదీ నేనే. తమ్ముడు దాని మీద సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. 2004లో ఓ రోజు డిస్కు టిక్కు, టిక్కు, టిక్కు మంది. అంతే.

కరెంటు కోతల వల్లేనన్నాడు నాన్న. కరెంటు పోతే హెడ్డు తనంతట తానే పక్కకి తప్పుకుంటుందని, తిరుగుతున్న పళ్ళెం ఊపే దానికి ఆ కాస్త శక్తీ ఇస్తుందని వాదించాను. వాదనలో గెలిచాను. టేపు మాత్రం రాలేదు.

2011లో థాయిలాండ్‌లో వరదలొచ్చి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ, మోటార్లు చేసే నిడెక్ ఫ్యాక్టరీ మునిగాయి. ప్రపంచమంతా డిస్కుల ధరలు కొన్ని వారాల్లోనే రెట్టింపు దాకా పోయాయి. నది పల్లంలో ఫ్యాక్టరీలేంటని మా ఆఫీసులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు నిలవాల్సిన కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కట్టుకున్న జిల్లా నాది. 2006లో ఆ గట్లు పేల్చాల్సి వచ్చింది.

ఇప్పుడు నా కంప్యూటర్లో తిరిగే పళ్ళెమే లేదు, అంతా ఎస్‌ఎస్‌డీ. అయినా ఫొటోలూ అవీ రెండు కంపెనీల డిస్కుల్లో ఉంటాయి. తమ్మిలేరు పొంగినా ఒకటి మిగలాలని ఒకటి ఏలూరులో, ఇంకోటి తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంట్లో. మొన్న అది మార్చడానికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ కబుర్లు గుర్తున్నంత వరకు చెప్పమన్నాను. ఇరవై నిమిషాలు చెప్పింది. టేపు గంటన్నర ఉండేది.