పారిస్‌లో వాయిదా పడ్డ కేసు

1947 అక్టోబర్ 27. తెల్లవారుజాము మూడు గంటలు. సర్ వాల్టర్ మాంక్టన్ ఉంటున్న బంగళా బయట ముందు అలికిడి, ఆ వెంటనే హోరు. హైదరాబాద్ వీధుల్లోంచి జనం వచ్చిపడుతున్నారు. చూస్తుండగానే పాతిక వేల మంది దాటారు. మాంక్టన్ ఇంగ్లండులో పేరుమోసిన న్యాయవాది, నిజాంకు సలహాదారు. పొద్దున్నే ప్రధాని ఛతారీ నవాబు, సర్ సుల్తాన్ అహ్మద్‌లతో కలిసి ఢిల్లీ విమానం ఎక్కాలి. వాళ్లిద్దరి ఇళ్ల చుట్టూ కూడా ఇదే గుంపు. కనుచూపు మేరలో ఒక్క పోలీసు లేడు.

ఢిల్లీకి చేరాల్సింది భారత్‌తో కుదిరిన ఒక ఒప్పంద పత్రం. నిజాం కార్యనిర్వాహక మండలిలో ఆరుగురు ఔనన్నారు, ముగ్గురు వద్దన్నారు. నిజాం కూడా సరేనన్నాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇవాళ కాదు, రేపు అన్నాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి ఆ ఒక్కరోజు చాలు. రజాకార్లు ఇళ్లను దిగ్బంధం చేశారు. చివరికి సైన్యం వచ్చి ముగ్గుర్నీ బయటికి తీసింది. ఢిల్లీ ప్రయాణం ఆగిపోయింది.

నెల తిరిగింది. నవంబర్ 29న, పెద్దగా మార్పుల్లేని అదే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఏడాదిపాటు ఎక్కడివి అక్కడే ఉండాలి. ఈసారి నిజాం తరఫున ఢిల్లీలో మాట్లాడింది మోయిన్ నవాజ్ జంగ్. ఈ పేరు గుర్తుంచుకోండి.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఏదీ ఎక్కడిదక్కడ లేదు. పొద్దుగూకితే తలుపులు బిగిసేవి. కుక్క మొరిగితే దీపం ఊదేసేవాళ్లు. లెవీ ధాన్యం కొలవలేని రైతు, దొర గడిలో వెట్టికి రానన్న కుర్రాడు, జెండా ఎగరేశాడని పోలీసు కాగితాల్లోకెక్కిన బడిపంతులు, రజాకార్ల లారీ చప్పుడు వింటేనే ఆడపిల్లల్ని గాదె వెనక దాచే తల్లి, అందరికీ కనిపించేది ఒకటే దారి: ఆదిలాబాద్ అడవుల్లో పడి, వార్ధానో ప్రాణహితో ఏది అడ్డొస్తే అది దాటి, నిజాం రాజ్యం పొలిమేర అవతల ఉన్న చాందాకు.

"ఎటు వోతున్నం బిడ్డా?"

"చాందాకు, అవ్వా."

"ఏరు నిండ పారుతుంది గద."

"పారనీ. ఇవతల ఉంటే బతకం."

ఆ రాత్రుల్లో ఎన్ని ఇళ్లలో వినబడ్డ మాటలో ఇవి.

చాందాలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరం నడుస్తోంది. అక్కడ పనిచేస్తున్న వాళ్లలో కరీంనగర్ జిల్లా వంగర మనిషి ఒకడు. ఇరవై ఆరేళ్లవాడు. వందేమాతరం పాడినందుకు 1938లో నిజాం ఇలాకాలో చదువు పోగొట్టుకుని, నాగపూర్ వెళ్లి లా చదివాడు. పాములపర్తి వేంకట నరసింహారావు. ఏరు దాటినవాళ్ల కోసం అతను అక్కడ ఉన్నాడు. అదే జిల్లాకు చెందిన ఇంకొకాయన ఏరు దాటలేదు. ఇక్కడే, ఈ గుట్టల్లోనే తేల్చుకుందామనుకున్నాడు.

ఆయన అనభేరి ప్రభాకరరావు. పోలంపల్లి. భూములున్న ఇంటి బిడ్డ. కడుపులో చల్ల కదలకుండా బతకొచ్చు. తుపాకీ పట్టి కమ్యూనిస్టు దళం కట్టాడు. ఊళ్లో దిగడం, పటేల్ పట్వారీల దప్తరాలు బయటికి ఈడ్చి నడివీధిలో కుప్ప పోయడం, అగ్గి పెట్టడం. తాత తీసుకున్న అప్పు, తండ్రి చేసిన వెట్టి, కొడుకు కట్టాల్సిన నాగు ధాన్యం, అన్నీ ఆ కట్టల్లోనే ఉన్నాయి. అవి కాలుతుంటే ఊరు ఊరంతా నిలబడి చూసింది. పోలీసులు జాడ కోసం వెతకడం మొదలుపెట్టారు.

1948 మార్చి 14. హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్. ఎండలు ముదిరి, ఆకులు రాలి, గుట్టల మీద మనిషికి చాటు తక్కువయ్యే కాలం. దళం జాడ తెలిసిపోయింది. పోలీసు బలగాలు చుట్టుముట్టాయి. తుపాకులు మోగాయి. ప్రభాకరరావు పడిపోయాడు. సింగిరెడ్డి భూపతిరెడ్డి పడిపోయాడు. వాళ్లతో పాటు మరో పది మంది. పన్నెండు మంది రక్తంతో ఆ నేల తడిసేనాటికి, ఢిల్లీలో ఇంకా మాటలే నడుస్తున్నాయి.

జూన్ వచ్చింది. గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ వెళ్లిపోయే ఘడియ. పోయేలోపు హైదరాబాద్ చిక్కు విప్పాలని పట్టుబట్టి ఆఖరి ముసాయిదా తయారు చేయించాడు. మాంక్టన్ మళ్లీ రెండు నగరాల మధ్య తిరిగాడు. మనసొప్పకపోయినా సర్దార్ పటేల్ ఊఁ అన్నాడు. నిజాం కాదన్నాడు. జూన్ 21న మౌంట్‌బాటన్ దేశం విడిచాడు. రాత్రిపూట ఆకాశంలో మాత్రం చప్పుడు ఆగలేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి ఆయుధాలు తెచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దింపుతున్నాడు.

ఐక్యరాజ్యసమితికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. అయినా పాలస్తీనాలో రాజీ కుదర్చమని మే నెలలో కౌంట్ బెర్నడోట్‌ను మధ్యవర్తిగా పంపింది. కాశ్మీర్ కోసం నియమించిన కమిషన్ జులైలో మన ఉపఖండంలో దిగింది. తనకూ అలాంటి అడ్డుగోడ ఒకటి దొరుకుతుందని నిజాం ప్రభుత్వం ఆశపడింది. ఆగస్టు 21న భద్రతా మండలికి తంతి కొట్టింది. సమాధానం వచ్చేలోపే సరిహద్దుల్లో ట్యాంకులు బారులు తీరాయి.

సెప్టెంబర్ 13. తెల్లవారుజామున షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సేనలు కదిలాయి. బెజవాడ వైపు నుంచి ఇంకో దండు. ఆపరేషన్ పోలో. ఒకటో రోజు. రెండో రోజు. మూడో రోజు. నాలుగో రోజున పారిస్‌లో తలుపులు తెరుచుకున్నాయి.

సెయిన్ నది ఒడ్డు, ఎదురుగా ఈఫిల్ టవర్. షాయో భవనంలో భద్రతా మండలి కొలువుదీరింది. అధ్యక్ష స్థానంలో బ్రిటన్‌కు చెందిన అలెగ్జాండర్ కెడోగన్. ముందు తేలాల్సింది ఒక్కటే: ఈ ఫిర్యాదును అసలు చర్చకు తీసుకోవచ్చా? చేతులు లేచాయి. ఎనిమిది అనుకూలం. వ్యతిరేకం ఒక్కటీ లేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థం. హైదరాబాద్ బృందం తరఫున మోయిన్ నవాజ్ జంగ్ మాట్లాడాడు. మా దేశం మీద దండయాత్ర జరుగుతోంది, వెంటనే ఆపండని మొర పెట్టుకున్నాడు. భారత్ తరఫున రామస్వామి మొదలియార్ లేచాడు. హైదరాబాద్ దేశమే కాదు, ఈ ఫిర్యాదు వినే అధికారం మీకు లేదన్నాడు. ఇద్దరూ గట్టి వాదకులే. ఆ బల్ల దగ్గరికి మానేరు ఒడ్డు నుంచి గానీ ప్రాణహిత ఒడ్డు నుంచి గానీ ఎవర్నీ పిలవలేదు. ఎవరి రాజ్యం అన్నది ప్రశ్న. ఆ రాజ్యంలో మనిషి బతుకేంటన్నది ఎజెండాలో లేదు. మండలి విని, 20వ తేదీకి వాయిదా వేసింది.

యుద్ధం 20వ తేదీ దాకా సాగనే లేదు. 17న హైదరాబాద్ ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం ఐదు గంటలకు కాల్పుల విరమణ. నిజాం రేడియోలో మాట్లాడాడు. అదే రోజు జెరూసలేంలో సమితి మధ్యవర్తి బెర్నడోట్‌ను ఆయుధాలు పట్టినవాళ్లు కారు ఆపి కాల్చి చంపారు. మర్నాడు మండలి అత్యవసరంగా సమావేశమైంది, బెర్నడోట్ హత్య మీద. ఆ రోజే హైదరాబాద్ శివార్లలో నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. 22న నిజాం నుంచి సమితికి ఇంకో తంతి వెళ్లింది.

నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. అదీ అందులోని సారం.

కేసు ముగియలేదు. ఆ తంతి నిజాం ఇష్టంతో పంపిందేనా అన్న అనుమానాలు లేచాయి. 1949 మే 24న మండలిలో ఆఖరిసారి చర్చ జరిగింది. తీర్మానం లేదు, తీర్పు లేదు. ఈలోగా నేల మీద నెత్తురు పారుతూనే ఉంది. ఆపరేషన్ పోలో తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించిన పండిట్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం కంట పడనివ్వలేదు. అది తప్పు. రజాకార్ల చేతిలో చచ్చినవాళ్ల ప్రాణం ఎంతో, రజాకార్ల పేరు చెప్పి చంపేసినవాళ్ల ప్రాణమూ అంతే. ఇటు కమ్యూనిస్టు దళాలూ తుపాకులు దించలేదు. ఈసారి ఎదురుగా నిలిచింది భారత సైన్యం. సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో.

ఇక 1992 జనవరి 31. న్యూయార్క్. భద్రతా మండలి చరిత్రలో మొదటిసారి దేశాల అధినేతలే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. గొడవలు ముదరకముందే ఆపడం, రాజీ కుదర్చడం, శాంతి సేనలను పంపడం ఎలాగో చెప్పమని ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీని అడిగారు. భారత్ తరఫున మాట్లాడింది ప్రధాని పీవీ నరసింహారావు, చాందా శిబిరంలో పనిచేసిన ఆ వంగర మనిషే. మండలి పరిశీలనలో ఉన్న అంశాల జాబితాలో 'హైదరాబాద్ ప్రశ్న' ఆ రోజుకి కూడా ఉంది.