ప్లేటు బతకాలంటే సూది అరగాలి

పాత గ్రామఫోను పెట్టెల మీద మళ్ళీ మోజు వచ్చింది. కొత్త ఇళ్ళ హాల్లో ఇత్తడి గొట్టంతో దర్జాగా కనిపిస్తున్నాయి. అలంకారానికి ఉంచుకుంటే పేచీ లేదు. కీ ఇచ్చి పాట వేద్దామనుకున్నప్పుడే చిక్కంతా. పెట్టె ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదనిపించి ఇది రాస్తున్నాను.

బల్లపరుపు ప్లేటు మీద పాడించే గ్రామఫోనుకి ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో దాన్ని చేత్తో తిప్పుతూనే ఉండాల్సి వచ్చేది. తర్వాత గడియారంలోలాగా స్ప్రింగు వచ్చింది. మన దేశానికి 1902లో గైస్‌బర్గ్ అనే ఆయన వచ్చి, కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఒక్కో వైపు మహా అయితే మూడు నిమిషాల పాట.

ఆ ప్లేట్లు దేనితో చేసేవారో తెలుసా? లక్కతో. చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే, మన ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టించేదే. అందులో మెత్తటి రాతిపొడి కలిపేవారు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ పెట్టెకు కరెంటు లేదు, ఆంప్లిఫయర్ లేదు. గాడిలోని వంకరలకు సూది ఊగితే, ఆ ఊపే గొట్టంలోంచి పాటై వస్తుంది. అందుకే సూది మీద వంద గ్రాములకు పైగా బరువు పడుతుంది. ఇప్పటి కరెంటు ప్లేయర్లలో పడేది కొద్ది గ్రాములే. అంత బరువుకి ఏదో ఒకటి అరగక తప్పదు. అరిగేది సూదే కావాలని మెత్తటి ఉక్కుతో చేశారు. రాతిపొడి దాన్ని గాడికి సరిపడేలా సానపడుతుంది. పాట పూర్తయ్యేసరికి సూది మొన పక్కలు ఉలిలా పదునెక్కుతాయి. దాన్నే మళ్ళీ పెడితే ఈసారి చెక్కేది గాడినే. ఒక వైపుకి ఒక సూది అన్న నియమం అందుకే వచ్చింది. డబ్బాకి రెండు వందల చొప్పున సూదులు అమ్మింది కూడా అందుకే.

అయితే తప్పులన్నీ ఈ తరానివే అనుకోకండి. మా అత్తయ్యగారి పుట్టింట్లో వాళ్ళమ్మగారు సూదులు పొదుపుగా వాడేవారట, ఒక్కోదానితో నాలుగైదు ప్లేట్లు. ఆ ప్లేట్లు కొన్ని మా బీరువాలో ఉన్నాయి. ఎవరికీ అంతగా నచ్చనివి ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. అందరూ మళ్ళీ మళ్ళీ వేయించుకున్న నాటక పద్యాల ప్లేటు మాత్రం బూడిదరంగుకి తిరిగింది. అందులో రాగం కంటే గరగరే ఎక్కువ. ఎక్కువ ముద్దు చేసినదే ఎక్కువ పాడైంది.

మా ఆడపడుచు కొడుకు ఈ మధ్యే ఒక పెట్టె కొన్నాడు. "అత్తా, ఘంటసాల భగవద్గీత ఇవ్వవా, దీని మీద వేస్తాను" అన్నాడు. నేను ఇవ్వలేదు. అది ఎల్పీ. 1948లో అమెరికాలో వచ్చిన వినైల్ ప్లేటు ఇది. నిమిషానికి 33 చుట్లు తిరుగుతుంది, గాడి సన్నం, ఒళ్ళు మెత్తన. వంద గ్రాముల బరువుతో ఉక్కు సూది పెడితే ఒక్కసారికే గాడి దున్నుకుపోతుంది. చూడ్డానికి రెండు రకాలూ నల్లగా గుండ్రంగానే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళు పొరబడతారు. లేబుల్ మీద 78 అని ఉందో లేదో చూడాలి. 78 అని ఉన్నా, 1950ల తర్వాత వచ్చినవాటిని కరెంటు ప్లేయర్ మీద వేసుకోవడమే మేలు.

ఇంకో మాట. కరోనా తర్వాత ప్రతి ఇంట్లోనూ శానిటైజర్ ఉంటోంది. దానితో లక్క ప్లేటు తుడవకండి. బల్లలకు వేసే ఫ్రెంచి పాలిష్ అంటే స్పిరిటులో కరిగించిన లక్కే కదా, ప్లేటు కూడా అలాగే కరుగుతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, వంగిపోతుంది. ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. కీ బిగుసుకున్నట్టు చేతికి తెలియగానే ఆపేయండి, బలవంతం చేస్తే లోపలి స్ప్రింగు తెగుతుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఒక్కటే మిగిలిన ప్లేటు ఉంటే, 78కి తగిన సూది ఉన్న కరెంటు ప్లేయర్ మీద ఎవరిచేతనైనా వేయించి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. స్ప్రింగు తెగితే బాగుచేసేవాళ్ళు దొరుకుతారు, సూదులు ఇప్పటికీ అమ్ముతున్నారు. గాడిలోంచి రాలిపోయిన గొంతుని మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేరు.