‘విత్’ అంటే ఒకప్పుడు ‘ఎదురు’

‘విత్’ అంటే ‘తో’ అని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. అయితే ‘విత్‌స్టాండ్’ అంటే ‘కలిసి నిలబడటం’ కావాలి కదా! కాని దాని అర్థం ‘తట్టుకుని నిలవడం’. ఎందుకిలా?

సుమారు వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషులో ‘విత్’కు ముఖ్యార్థం ‘ఎదురుగా’. ‘తో’ అనడానికి ‘మిడ్’ అనే వేరే మాట ఉండేది. దాని తోబుట్టువైన ‘మిట్’ జర్మన్ భాషలో నేటికీ ‘తో’ అనే అర్థంలోనే ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దాల్లో ‘మిడ్’ క్రమంగా తప్పుకొంది. దాని పనిని ‘విత్’ చేపట్టింది. ప్రసవ సమయంలో తోడుండే స్త్రీని తెలిపే ‘మిడ్‌వైఫ్’లో మాత్రం ఆ పాత మాట ఇంకా నిలిచి ఉంది.

ఈ మార్పు వింతేమీ కాదు. ‘శత్రువుతో పోరాడాడు’ అంటాం. అక్కడి ‘తో’ స్నేహాన్ని చెబుతోందా? ఎదురు నిలవడాన్నే కదా!

‘విత్’ ఒంటరిగా మారినా, క్రియల ముందు అతుక్కున్నచోట పాత అర్థాన్ని వదల్లేదు. ‘విత్‌హోల్డ్’ అంటే ఇవ్వకుండా ఆపి ఉంచడం. ‘విత్‌డ్రా’ అంటే వెనక్కి తీసుకోవడం. ‘విత్‌సే’ అంటే కాదనడం, ఎదురు చెప్పడం. ఈ మాట ఇప్పుడు వాడుకలో లేదు.

మన ‘ప్రతి’నీ గమనించండి. ‘ప్రతిరోజు’లో అది ‘ఒక్కొక్క’, ‘ప్రతిఘటన’లో ‘ఎదురు’. కాబట్టి అరుదైన క్రియ కనిపించినప్పుడు దాని ముందున్న చిన్న మాటకు నేటి అర్థాన్నే అంటగట్టకండి. అది ఏ కాలంలో అతుక్కుందో ముందు చూడండి.