వర్గమా, పాయింట్లా? బల్లమీది పాత్రల ఆటల కథ

పాచికలనగానే మనకు పచ్చీసు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి గుర్తుకొస్తాయి. ఆ ఆటల్లో కాయ ఎవరిదైనా కాయే. ఎర్రకాయకున్న బలమే పచ్చకాయకూ ఉంటుంది. ఆ కాయకొక పేరు, ఒక వృత్తి, ఒక బలహీనత ఉంటే? అమెరికాలో కొందరు ఆ పని చేసి చూశారు. చేశాక, ఆ మనిషిని తయారుచేసే పద్ధతి ఏదన్న దగ్గర రెండు దారులు పట్టారు.

1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. గైగ్యాక్స్‌ది విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా. ఆర్నెసన్‌ది పక్కనున్న మిన్నెసోటా. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదట వేసినవి 1000 ప్రతులు. ఆడేవాళ్లలో ఒకరు సూత్రధారి. ఎదుట ఏ గుహ ఉందో, ఏ రాక్షసుడు ఉన్నాడో ఆయన చెబుతాడు. తమ పాత్ర ఏం చేస్తుందో మిగతావాళ్లు చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు తేలుస్తాయి.

ఆ పుస్తకాల్లో మనిషికి మూడే వర్గాలు: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. యోధుడు ఏ ఆయుధమైనా పట్టవచ్చు, ఏ కవచమైనా తొడగవచ్చు. మాంత్రికుడికి కవచం లేదు, చేతిలో బాకు తప్ప మరో ఆయుధం లేదు. మొదటి మెట్టులో ఉన్నది ఒకే ఒక్క మంత్రం. పురోహితుడు పదునైన ఆయుధం ముట్టరాదు. గైగ్యాక్స్, ఆర్నెసన్ ఇద్దరూ అంతకుముందు బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడినవారు. సైన్యంలో కాల్బలం, ఆశ్వికదళం ఉన్నట్టే మనుషులకూ విభాగాలు వచ్చాయని నా ఉద్దేశం. దీనివల్ల ఒక మేలు జరిగింది. ఎవరూ ఒంటరిగా గుహ దాటలేరు. మాంత్రికుడికి ముందు యోధుడు నిలబడాల్సిందే.

ఇబ్బంది 1975లో కనిపించింది. ‘గ్రేహాక్’ అనే అనుబంధ పుస్తకంలో దొంగ అనే కొత్త వర్గం చేరింది. తాళాలు తీయడం, నీడలో నక్కడం, చప్పుడు కాకుండా నడవడం వాడి విద్యలు. అంతవరకు నక్కుతానని ఏ పాత్ర అన్నా సూత్రధారి ఆలోచించి సరే అనేవాడు. ఇక అది దొంగ సొత్తయింది. యోధుడు నక్కుతానంటే, అది నీ వర్గం పని కాదు కదా అనే మాట వచ్చింది. ఒకరికి ఇచ్చిన హక్కు చడీచప్పుడు లేకుండా మిగతావాళ్ల దగ్గర తగ్గింది. 1981లో టామ్ మోల్డ్‌వే తిరగరాసిన ప్రాథమిక పుస్తకంలో మరుగుజ్జు జాతివాడికి మరుగుజ్జుతనమే వర్గం. పుట్టుకే వృత్తి అన్నమాట. ఈ సంగతి మన చెవులకు అంత కొత్తగా వినిపించదు.

అదే 1981లో జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ ‘ఛాంపియన్స్’ అనే ఆట తెచ్చారు. ఇందులో వర్గాల్లేవు. ఆటగాడి చేతిలో కొన్ని పాయింట్లు పెడతారు. సంతలో డబ్బు పెట్టినట్టు వాటితో బలం, వేగం, ఎగిరే శక్తి కొనుక్కోవాలి. చాలకపోతే లోపాలు ఒప్పుకోవాలి: శత్రువు వెంటాడుతుంటాడనో, కాపాడుకోవలసిన బంధువు ఉన్నాడనో. ఒక్కో లోపానికి కొన్ని పాయింట్లు అదనంగా వస్తాయి.

1986లో టెక్సస్‌కు చెందిన స్టీవ్ జాక్సన్ ‘గర్ప్స్’ పేరుతో ఈ పద్ధతిని ఏ కాలానికైనా, ఏ లోకానికైనా సరిపోయేలా విస్తరించాడు. మామూలు మనిషికి బలం, చురుకుదనం, తెలివి, ఆరోగ్యం నాలుగూ పది చొప్పున ఉంటాయి. వాటికి ఖర్చు లేదు. కథానాయకుడికి సాధారణంగా 100 పాయింట్లు. పోరులో తత్తరపడని గుణం కావాలంటే 15 ఖర్చు. ఒక కన్ను లేదనుకుంటే 15 తిరిగివస్తాయి. అంటే కన్నిచ్చి ధైర్యం కొనుక్కోవచ్చు. ముక్కోపానికి 10 వస్తాయి. లెక్క తెలిసినవాడు ఆటలో ఎప్పుడూ అడ్డురాని లోపాలు ఏరుకుని బలవంతుడు కావచ్చు. అందుకే 1988 నాటి మూడో కూర్పులో లోపాల రాబడికి సాధారణంగా 40 పాయింట్ల హద్దు పెట్టారు. ఇక్కడ పాచికల అదృష్టం కంటే చిట్టా రాసేవాడి నేర్పుదే పైచేయి. వర్గాల ఆటలో పాత్ర పది నిమిషాల్లో తయారవుతుంది. ఇక్కడ ఒక సాయంత్రం పట్టినా ఆశ్చర్యం లేదు. కొత్తవాడు కాగితం చూసి బెదురుతాడు. అయినా పురోహితుడికి తాళం తీయడం ఎందుకు రాకూడదని అడిగిన ఆటగాడికి ఈ పద్ధతి జవాబు చెప్పింది. ఆ జవాబు కోసం ఒక సాయంత్రం పోవడం నా లెక్కలో నష్టం కాదు.

తరువాత ఇరుపక్షాలూ ఎదుటివారి పెరట్లోకి తొంగిచూశాయి. 1995లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనుబంధ పుస్తకం ఒకటి వర్గాల లోపలే పాయింట్లు పంచింది. 2000లో వచ్చిన మూడో కూర్పు నైపుణ్యాలకు పాయింట్లు ఇచ్చి, ఒక వర్గం నుంచి మరో వర్గానికి దారి తెరిచింది. 2014 కూర్పులో పాచికలు వద్దనుకున్నవారు 27 పాయింట్లతో శక్తులు కొనుక్కోవచ్చు. అటు 2004 నాటి గర్ప్స్ నాలుగో కూర్పు, ఏం కొనాలో తోచనివారి కోసం సిద్ధంగా కట్టిన మూటలు అచ్చువేసింది. ఆ మూట విప్పి చూస్తే లోపల ఉన్నది చాలావరకు మన పాత వర్గమే. కాకపోతే నచ్చని సరుకు తీసేసే వీలుంది.